మడి గదిలో తూటాలు

మొన్నామధ్య లాకరు పనుండి గుంటూరులో బ్యాంకుకు వెళ్ళాను. కుర్చీలన్నీ నిండి ఉంటే తలుపు పక్కన గోడకానుకుని నిలబడ్డాను. అక్కడ స్టూలు మీద కూచున్న గార్డు తుపాకీని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని పక్కవాడితో కబుర్లు చెబుతున్నాడు. దాని గొట్టం సరిగ్గా నా పొట్ట వైపుంది. నేను పక్కకు జరిగాను. అతను కాస్త కదిలేసరికి అది మళ్ళీ నా వైపే తిరిగింది. మళ్ళీ జరిగాను. నా కూతురు చూసి నవ్వింది. "అందులో తూటాలుండవమ్మా, ఊరికే చూపించడానికి" అంది. "లేవని నువ్వు తెరిచి చూశావా?" అని కసిరాను. అరవైకి దగ్గరపడుతున్న ఆడది నలుగురిలో కూతురి మీద అలా ఎందుకు లేచిందో ఆ పిల్లకి అర్థం కాలేదు. ఆ మాట నాది కాదు, మా నాన్నది. ఇంటికొచ్చాక అదంతా చెబుదామనుకున్నాను గానీ, నోటితో చెబితే అది మధ్యలో పది ప్రశ్నలు వేస్తుంది, నేను చెప్పదలచుకున్నది చెప్పనివ్వదు. రాయడమే నయమనిపించింది.

మాది గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య ఒక నల్లరేగడి పల్లె. నాన్న అక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టారు. మా ఇల్లు ఊరి చివర. చివరంటే మరీ చివర. పెరటి దడి దాటితే మిరప కల్లం, కల్లం దాటితే పత్తి చేలు. పత్తి తీసే రోజుల్లో గాలికి దూదిపింజలు ఎగిరొచ్చి తడిబట్టలకి అంటుకునేవి. మిరపకాయలు ఎండబోసే రోజుల్లో ఇల్లంతా ఘాటే. అన్నంలో ఘాటు, దిండు గలీబుల్లో ఘాటు, నా లెక్కల పుస్తకంలో ఘాటు. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే తుమ్మడం మొదలుపెట్టేవాళ్ళు. వాళ్ళని చూసి మేం నవ్వేవాళ్ళం. ఇంట్లో ఉన్నది నలుగురం: నాన్న, అమ్మ, నాన్నగారి తల్లి మా బామ్మ, నేను. మా ఇంటి గడియారం బామ్మే. తెల్లారుతూనే నూతి దగ్గర స్నానం చేసి, ఎవరూ ముట్టుకోకుండా దండెం మీద ఆరిన మడి చీరని కర్రతో తీసి కట్టుకుని, వంటింటి పక్కనున్న తన గదిలోకి వెళ్ళేది. దాన్ని మడి గది అనేవాళ్ళం. ఆవిడ దేవుళ్ళు, ఆవిడ వంట, ఆవిడ జపం అన్నీ అక్కడే. స్నానం చేసి మడి కట్టుకుంటే తప్ప ఎవరూ ఆ గడప దాటకూడదు. చిన్నప్పుడు ఒకసారి బంతి లోపలికి దొర్లిపోతే, బామ్మ అట్లకాడతో దాన్ని బయటికి నెట్టేదాకా గడప దగ్గరే ఏడుస్తూ కూచున్నానట. తల్లి కడుపులో ఉండగానే నేర్చుకున్నట్టు మాకు ఆ గడప దగ్గర కాలు దానంతటదే ఆగిపోయేది.

నేను ఎనిమిదో క్లాసులో ఉండగా మిరపతోటలకి నీళ్ళు పెట్టుకునే దగ్గర ఇద్దరు రైతుల మధ్య తగాదా వచ్చింది. ఏటా వచ్చేదే. ఆ ఏడు మాత్రం కాలవ గట్టు మీద ఒకతను రెండోవాడిని గొడ్డలితో నరికాడు. సరిగ్గా అప్పుడే నాన్న పక్క ఊరి నుంచి సైకిలు మీద ఆ గట్టునే వస్తున్నాడు. ఆయన ఇంటికొచ్చి సైకిలు స్టాండు వేయబోతే అది రెండుసార్లు పడిపోయింది. అమ్మ పరుగెత్తుకెళ్ళి పట్టుకుంది. చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు గానీ పోలీసులొచ్చేసరికి అందరికీ మతిమరుపు వచ్చేసింది. నాన్న ఒక్కడే చూసింది చూసినట్టు చెప్పాడు. నరికినవాడు జైలుకెళ్ళాడు, కొన్నాళ్ళకే బెయిలు మీద తిరిగొచ్చాడు. కోర్టులో కేసు నడవాలి, నాన్న వెళ్ళి సాక్ష్యం చెప్పాలి. ఆ సాక్ష్యం లేకపోతే కేసే లేదని ఊళ్ళో అందరికీ తెలుసు.

భయం మా ఇంటికి అరుపులతో రాలేదు, ఎంతో మర్యాదగా వచ్చింది. ఒక సాయంత్రం వాళ్ళ తరఫు మనిషి ఒకాయన తెల్లటి పంచె కట్టుకుని వచ్చి మా అరుగు మీద కూచున్నాడు. అమ్మ మజ్జిగిస్తే తాగాడు. "మాస్టారూ, ఎండలు ముదురుతున్నాయి గదా, కోర్టుల చుట్టూ తిరగ్గలరా? ఒంట్లో బాగాలేదని ఒక ముక్క రాసి పడేయండి, సరిపోద్ది" అన్నాడు. నాన్న, "నా ఒంట్లో బాగానే ఉందండి" అన్నాడు. ఆయన నా వంక తిరిగి, "పాప ఏ క్లాసు? బడికి ఒక్కతే వెళ్ళొస్తదా?" అని అడిగి, లేచి, గ్లాసు జాగ్రత్తగా పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. ఆ గ్లాసుని అమ్మ తీయలేదు. అది రాత్రంతా అరుగు మీదే ఉంది. మర్నాటి నుంచి నేను నాన్న సైకిలు మీదే బడికి. మేం మలుపు తిరిగేదాకా అమ్మ గుమ్మంలో నిలబడేది. మేం తిరిగొచ్చేసరికి కూడా అక్కడే ఉండేది. మధ్యలో లోపలికి వెళ్ళేదో లేదో నాకు తెలియదు. రాత్రిళ్ళు పెరట్లో ఎండుటాకు కదిలినా ముగ్గురం ఒక్కసారే లేచి కూచునేవాళ్ళం.

నాన్న తుపాకీ లైసెన్సుకి దరఖాస్తు పెట్టిన సంగతి మాకు చెప్పలేదు. విచారణకి వచ్చిన కానిస్టేబులు చెప్పాడు. ఇల్లంతా చూసి, బామ్మ తులసికోట చూసి, "మీకెందుకండీ మాస్టారూ ఇయ్యన్నీ" అని నవ్వి వెళ్ళాడు. కొన్ని నెలలకి నాన్న గుంటూరు వెళ్ళి దుప్పట్లో చుట్టిన పొడుగాటి వస్తువుతో బస్సు దిగాడు. దాన్ని వసారాలో విప్పగానే బామ్మ గడప లోపలే నిలబడి, "గాయత్రి చేసుకునే చేత్తో ఇది పడతావుట్రా?" అంది. ఆవిడ గొంతు అంత సన్నగా వినిపించడం నాకదే మొదలు. అమ్మ ఏడవలేదు. దూరంగా గోడకి అంటుకుపోయి నిలబడింది. "ఇది లేనంతకాలం వాళ్ళు బెదిరిస్తారండీ. ఉందని తెలిస్తే చంపుతారు. మీరు తెచ్చింది కాపలా కాదు, కబురు" అంది. నాన్న, "నేను ఎవరినో చంపడానికి తేలేదు శారదా. ఎవరన్నా తలుపు బద్దలుకొట్టుకుని మీ మీదికొస్తే, పోలీసులొచ్చేదాకా మధ్యలో నిలబడటానికి ఏదో ఒకటి ఉండాలిగా. ఉత్త చేతులతో నిలబడితే ఎంతసేపు?" అన్నాడు. అలా అంటున్నప్పుడు ఆయన చేతులు చూశాను. సుద్దముక్క పట్టుకునే చేతులు, గోళ్ళ చివర ఇంకా తెల్లగా ఉన్నాయి. నాకు తుపాకీ కన్నా ఆ చేతుల్ని చూస్తే భయమేసింది.

తరవాతి ఆదివారం నాన్న మమ్మల్ని వసారాలో కూచోబెట్టి పాఠం చెప్పాడు. బామ్మ తన గది గుమ్మంలోనే పీట వేసుకుంది. నాన్నకి తెలిసిన పద్ధతి ఒక్కటే, బళ్ళో చెప్పినట్టు చెప్పడం. తుపాకీని మధ్యకి విరిచినట్టు తెరిచి గొట్టంలోంచి ఆకాశం చూపించాడు. "లోపల ఏముంది?" అని ఒక్కొక్కరినీ అడిగాడు. "ఏమీ లేదు, వెలుగుంది" అన్నాను. దాన్ని మళ్ళీ మూసి, "ఇప్పుడు?" అన్నాడు. "ఏమీ లేదు" అన్నాను. "తెరిచి చూశావా?" అన్నాడు. ఇప్పుడే కదా చూశానంటే ఒప్పుకోలేదు. "మూసిన తుపాకీలో తూటా ఉన్నట్టే లెక్క. నేను చెప్పినా సరే, దేవుడు దిగొచ్చి చెప్పినా సరే, తెరిచి చూసేదాకా ఉన్నట్టే." గొట్టం ఎప్పుడూ నేల వైపే ఉండాలన్నాడు, ఆటకైనా మనిషి వైపు తిప్పకూడదన్నాడు. మీట మీద వేలు పెట్టడం అన్నిటికన్నా ఆఖరి పని అన్నాడు. దానికి ముందు ఎదుట ఉన్నది ఎవరో ముఖం తెలియాలి, ఆ మనిషి వెనకాల ఇంకెవరున్నారో తెలియాలి, వేరే దారి లేదని తెలియాలి. "ఈ మూడూ తెలియకపోతే?" అంది అమ్మ. "తెలియకపోతే తుపాకీ లేనట్టే. తలుపేసుకుని అరవడమే" అన్నాడు. "అయితే ఈ మాత్రం దానికి తుపాకీ ఎందుకండీ, అరుపు ముందు నుంచీ ఉన్నదేగా" అని అమ్మ లేచి వెళ్ళిపోయింది.

అసలు తలనొప్పి దాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గర వచ్చింది. తుపాకీ బీరువాలో, బీరువా తాళంచెవి నాన్న జంధ్యానికి. అంతవరకూ బాగానే ఉంది. తూటాలు మాత్రం వేరే చోట ఉండాలన్నాడు. నా చెయ్యి అందనిచోట, పనిమనిషి చూడనిచోట, దొంగకి తట్టనిచోట. ఆలోచించి ఆలోచించి బామ్మ మడి గది అటక మీద పెడతానన్నాడు. బామ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, తూటాలున్న తోలు సంచి మాత్రం గడప దాటడానికి వీల్లేదని, ఇత్తడి చెంబులో వేసి మూతపెడితే సరేనని తీర్పిచ్చింది. నాన్నకి అందులో ఇంకో లాభం కూడా కనిపించింది. అది చెప్పేటప్పుడు పాత లెక్కకి కొత్త పద్ధతి దొరికినంత సంబరపడ్డాడు. "చూడు శారదా, తూటా నా చేతికి రావాలంటే నేను నూతి దగ్గరికెళ్ళి, తలారా చన్నీళ్ళు పోసుకుని, మడి పంచె కట్టుకోవాలి. అప్పటికీ నా కోపం తగ్గలేదంటే అది కోపం కాదు, అవసరమే." అమ్మ కూరగాయలు తరుగుతూ తలెత్తకుండా, "మరి వచ్చినవాళ్ళు మీ స్నానం అయ్యేదాకా అరుగు మీద కూచుంటారా? మజ్జిగివ్వమంటారా?" అంది. నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

కోర్టు వాయిదా దగ్గరపడేకొద్దీ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. నాకు ఇప్పటికీ గుర్తున్నది చప్పుళ్ళే. గేటు గడియ చప్పుడు, కల్లం మీద కుక్క మొరగడం, ఎవరో తెలియని మోటారు సైకిలు మా ఇంటి ముందు వేగం తగ్గించి మళ్ళీ పెంచడం. భయానికి కూడా ఇంట్లో ఒక చాప, ఒక కంచం ఉన్నట్టుండేది. ఇప్పుడు మా అపార్టుమెంటులో గేటు దగ్గర కెమెరా ఉంది, కింద వాచ్‌మన్ ఉన్నాడు, ఎవరొచ్చినా ఫోనులో ముఖం కనిపిస్తుంది. అయినా నా కూతురు తలుపుకి మూడు గడియలు బిగించి పడుకుంటుంది. ఎవరికి భయపడుతున్నావే అంటే చెప్పలేదు. మేమైతే చెప్పగలిగేవాళ్ళం. మా భయానికి పేరుంది, ఊరుంది, తెల్లటి పంచె ఉంది. అది మేలో ఇది మేలో నాకు తెలియదు.

వాయిదాకి కొద్దిరోజుల ముందు ఒక సాయంత్రం కల్లంలో కూలీలు మిరపకాయల్ని గోతాల్లో కూరి తొక్కారు. అలా తొక్కే రోజున లేచే ఘాటు ఇంతా అంతా కాదు. ముక్కుకి తుండు బిగించి కట్టుకోకుండా ఎవరూ అటు పోలేరు. వాళ్ళు పని ముగించి వెళ్ళిపోయారు. పొద్దు గుంకుతోంది. కరెంటు పోయింది. నాన్న అప్పుడే బడి నుంచి వచ్చి చొక్కా కూడా విప్పలేదు. బామ్మ జపంలో ఉంది. అమ్మ పెరట్లో బట్టలు తీయడానికి వెళ్ళి, తీయకుండానే వెనక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయింది. "ఏమండీ" అంది. గట్టిగా అనలేదు. పెరటి దడి తలుపు దగ్గర ఒక మనిషి ఉన్నాడు. కళ్ళ కింది నుంచి ముఖమంతా తుండుతో కట్టి ఉంది. చేతిలో ఏదో పొడుగ్గా ఉంది. "ఎవరది?" అని నాన్న అరిచాడు. జవాబు లేదు. "ఎవరయ్యా?" జవాబు లేదు. మనిషి దడి తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

నాన్న బీరువా తెరిచి తుపాకీ తీసుకుని మడి గది వైపు పరుగెత్తాడు. పరుగెత్తినవాడు గడప దగ్గర ఆగిపోయాడు. ఇన్నేళ్ళయినా ఆ దృశ్యం నా కళ్ళలోంచి పోలేదు. ఒక చేతిలో తుపాకీ, ఒంటి మీద బడి బట్టలు, ఒక కాలు ఎత్తి, గడప ఇవతల నిలబడిపోయాడు మా నాన్న. "అమ్మా, చెంబు!" అన్నాడు. బామ్మ జపమాల పట్టుకుని ఆయన వంక, అటక వంక చూస్తోంది. ఆవిడకీ ఏం చెయ్యాలో తెలియలేదు. నలభై ఏళ్ళుగా ఆగిన కాలు అది, ప్రాణం మీదికొచ్చినా దాటలేదు. ఆయన్ని పక్కకి నెట్టి అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. మడి కాని చీరతో, కల్లం దుమ్ము పట్టిన కాళ్ళతో, పీట ఎక్కి చెంబు లాగింది. తూటాలు నేలంతా దొర్లాయి. వాటిలో ఒకటి తెచ్చి నాన్న చేతిలో పెట్టింది. నేను బామ్మ గడపకి ఇవతల చెవులు మూసుకుని కూచున్నాను. మూసుకున్నా అన్నీ వినిపించాయి.

నాన్న తూటా పెట్టి పెరటి గుమ్మంలో నిలబడ్డాడు. గొట్టం నేల వైపే ఉంది. వేలు మీటకి బయటే ఉంది. పాఠంలో చెప్పినట్టే నిలబడ్డాడు. ఎదుటి మనిషి ఊగుతూ ముందుకి వస్తున్నాడు. చేతిలో ఉన్నదాన్ని పైకెత్తాడు. "ఆగు! తుండు తీసి ముఖం చూపించు!" అన్నాడు నాన్న. అతను ఆగలేదు. అప్పుడు అమ్మ రెండు చేతులతో నాన్న మోచెయ్యి పట్టుకుంది. తుపాకీ అంటే ఆమడ దూరం పారిపోయే అమ్మ ఆ చేతిని పైకి లాగుతూ, "కాల్చండి, ఎత్తండి, కాల్చండి" అంటోంది. ఆ గొంతు మా అమ్మదని నేను నమ్మలేకపోయాను. "ముఖం కనపడలేదే" అన్నాడు నాన్న. "కాల్చండీ!" అంది అమ్మ. ఆవిడ లాగుతోంది, ఆయన కిందికి నొక్కుతున్నాడు. ఇద్దరి బలం ఆ చేతిలో సమానంగా ఉన్న ఆ క్షణాన అతను మోకాళ్ళ మీద కూలబడి తుండు పీకేసుకున్నాడు. దగ్గుకి ఊపిరాడటం లేదు. కళ్ళల్లోంచి ధారగా నీళ్ళు. "అక్కా... నీళ్ళు..." అన్నాడు.

మా సుబ్బు మావయ్య. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. వేటపాలెంలో జీడిపప్పు కంపెనీలో గుమాస్తా. బావగారి వాయిదా దగ్గరపడుతోందని, తోడుంటానని వచ్చాడు. బస్సు అవతలి ఊళ్ళో ఆగిపోతే చేలకడ్డంపడి కల్లంలోంచి వచ్చాడు. ఘాటుకి గొంతు మూసుకుపోయింది. చేతిలో ఉన్నది గొడుగు. భుజాన సంచిలో నాకోసం తెచ్చిన జీడిపప్పు.

నాన్న తుపాకీ తెరిచి తూటా తీసి జేబులో వేసుకుని, ఖాళీ గొట్టంలోంచి ఒకసారి చూసి, గోడకి ఆనించాడు. తరవాత గుమ్మంలోనే కూలబడ్డాడు. అమ్మ మాత్రం నిలబడిన చోటే నిలబడింది. మావయ్యకి నీళ్ళు ఇచ్చింది నేను. బామ్మ తన గదిలోంచి బయటికి వచ్చింది. ఆ వేళ ఇక తనకి భోజనం లేనట్టే. గది అంతా మైలపడింది. దాని గురించి ఒక్క మాట అనలేదు. అమ్మ భుజం మీద చెయ్యి వేసి, "కాళ్ళు కడుక్కురా అమ్మా, తమ్ముడికి అన్నం పెడుదువుగాని" అంది. మడిలో ఉండగా బామ్మ అమ్మని తాకడం నేను చూడలేదు, అంతకు ముందూ, ఆ తరవాతా.

నాన్న సాక్ష్యం చెప్పి వచ్చాడు. మావయ్య వెంట వెళ్ళాడు. దారిలో ఏమీ జరగలేదు. తరవాత కూడా ఏమీ జరగలేదు. కొన్నేళ్ళకి లైసెన్సు మళ్ళీ రాయించుకోకుండా తుపాకీని స్టేషనులో అప్పజెప్పేశాడు. అది మా ఇంట్లో ఒక్కసారి కూడా పేలలేదు.

పేలింది మావయ్య కథే. తుండు పీకేసుకున్న క్షణంలో ఆయన కంటికి కనిపించింది ఒకటే: బావ చేతిలో తుపాకీ, ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని వేలాడుతున్న అక్క. దగ్గులో ఆయనకి మాటలు వినపడలేదు. ఇక ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి పేరంటంలోనూ అదే. "మా బావ లెక్కల్లో తప్పు చెయ్యడు గానీ, ఆ రోజు నన్ను లేపేసేవాడే. మా అక్క చెయ్యి పట్టి ఆపింది కాబట్టి బతికిపోయాను" అనేవాడు. అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. నాన్నని అందరూ మహా కోపిష్టి అనుకునేవాళ్ళు. మంగళగిరిలో మావయ్య కొడుకు పెళ్ళిలో వియ్యాలవారి ముందు కూడా చెప్పాడు. నాన్న విస్తరి ముందు కూచుని నవ్వుతూ, "అవునోయ్, మీ అక్కకే దణ్ణం పెట్టుకో" అన్నాడు. అమ్మ వడ్డన చూసొస్తానని లేచి వెళ్ళింది. నేను ఏదో అనబోతే నాన్న నా వంక ఒక్క చూపు చూశాడు. బళ్ళో పిల్లల్ని కూచోబెట్టే చూపు. కూచున్నాను. అన్నీ విడమరిచి చెప్పనిదే నిద్రపట్టని మనిషి, ఆ ఒక్కటీ ఎవరికీ విడమరచలేదు.

నాన్న పోయిన పన్నెండో రోజు భోజనాలయ్యాక బంధువులు వసారాలో కూచున్నారు. మావయ్య కళ్ళు తుడుచుకుంటూ నాన్న గురించి చెబుతూ, అలవాటుగా ఆ కథలోకి వచ్చాడు. "మా బావకి కోపం..." అన్నాడు. మూలన కూచున్న అమ్మ, "ఒరేయ్ సుబ్బూ" అంది. అందరూ అటు తిరిగారు. "నేను ఆపలేదురా. నేను పైకెత్తుతున్నాను. కాల్చమంది నేను. ఆపింది ఆయన."

మావయ్య చాలాసేపు అమ్మ చేతుల వంకే చూశాడు. ఆయనకప్పటికి డెబ్భై దగ్గరపడింది, తల వణుకుతోంది. చివరికి లేచి వచ్చి అమ్మ పక్కన చాప మీద కూచున్నాడు.

"అంత భయపడ్డావా అక్కా?" అన్నాడు.

"ఆయన కూడా భయపడ్డారురా" అంది అమ్మ.